వెనక గోడకు ఆరా, నాలుగా

ఫాదర్‌గారి కుర్చీ కాలు నేలలోకి దిగబడిన రోజు నుంచే మా వదిన మనసు మనసులో లేకుండా పోయింది.

క్రిస్మస్ వెళ్ళాక ఫాదర్‌గారు ఇల్లిల్లూ తిరిగి దీవిస్తారు. ఆయన వస్తున్నారంటే మా కొండల్లో ఎంత పేద ఇంట్లోనైనా తెల్ల గది తెరుస్తారు. మామూలు రోజుల్లో వంటా, పడకా, పొదిగే కోడీ అన్నీ నల్ల గదిలోనే. తెల్ల గది దేవుడి పటాలకి, పెళ్ళిళ్ళకి, శవాలకి, ఫాదర్లకి. మా వదిన లుద్వీనా పొద్దుటే ఆ గదిలో పొయ్యి రాజేసి, బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ పరిచి, ఉన్నవాటిలో మంచి కుర్చీ ఏరి వెనక గోడ పక్కన వేసింది. ఫాదర్‌గారు మంచి ఒళ్ళున్న మనిషి. కూర్చోగానే ముక్కు ఎగబీల్చారు.

"ఏమ్మా లుద్వీనా, పుట్టగొడుగుల పులుసు పెట్టావా?"

"లేదు ఫాదర్, క్యాబేజీ పులుసే."

"మరి పుట్టగొడుగుల వాసన గుప్పుమంటోందే!"

ఆ మాట అంటూ వెనక్కి ఒరిగారు. ఫట్‌మంది. కుర్చీ వెనక కాలు నేల పలకలోంచి కిందికి దిగిపోయింది. ఫాదర్‌గారు రెండు కాళ్ళూ గాల్లో పెట్టి, మేరీమాత పటం వంక చూస్తూ ఉండిపోయారు. నాకు నవ్వు ఆగక దగ్గు నటించాను. వదిన మాత్రం ఆయన్ని లేపడానికి కూడా కదల్లేదు. విరిగిన పలక కింద, గోడ అడుగు దుంగ మీద, గోధుమరంగు పుట్టగొడుగులు చెవుల్లా వరసగా మొలిచి ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడిపోయింది.

మా వదిన ఎవరో చెప్పకపోతే, ఒక దుంగ కుళ్ళినందుకు ఇంత రాద్ధాంతమా అంటారు మీరు. ఆమె మా అన్నయ్య ఇగ్నాట్స్ భార్య. శిఖరానికి అవతలి ఊరి పిల్ల. నేను పుట్టిన దుంగల ఇంట్లోకి కోడలుగా వచ్చింది. నేనేమో పెళ్ళయి వాలు కింద పక్కింటికే వెళ్ళాను, అంచేత ఆ ఇంట్లో ఎవరు తుమ్మినా నాకు వినబడుతుంది.

ఈస్టర్ ముందు మా ఆడవాళ్ళు దుంగల గోడల్ని బయటి నుంచి కడుగుతారు. నిచ్చెన వేసుకుని, మరిగే నీళ్ళూ బట్టల సబ్బూ గరుకు బ్రష్షూ పట్టుకుని, ఏడాది మసీ దుమ్మూ పోయి చెక్క కాల్చిన రొట్టె రంగుకు వచ్చేదాకా తోముతారు. అందరూ రెండు మూడేళ్ళకోసారి కడిగితే వదిన ఏటా కడిగేది. ఊళ్ళో పెళ్ళయితే ముందు ఆమెకే కబురు. పెళ్ళింటి గోడ నల్లగా ఉంటే మగపెళ్ళివాళ్ళు గుమ్మం బయటే మూతులు ముడుస్తారు మరి. చెక్క తురుముని జడల్లా అల్లి దుంగల మధ్య సందుల్లో సుత్తితో కూరడం కూడా ఆమె చేతిలోనే చూడాలి. అయితే ఒకటి, బ్రష్ ఇంకొకరి చేతికి ఇవ్వదు. ఒకసారి పాపం ఒక్కతే కష్టపడుతోందని సాయానికి వెళ్ళాను. "నువ్వు తోముతున్నావా, గోడకి తల దువ్వుతున్నావా?" అని బ్రష్ లాక్కుంది. ఆ తరవాత చస్తే వెళ్ళలేదు.

మా అన్నయ్యకీ ఆమెకీ పనులు పంపకాలు జరిగిపోయాయి. నీళ్ళతో చేసే పని ఆమెది. గొడ్డలీ పారా పట్టే పని ఆయనది. కట్టెలు కొట్టడం, కప్పు మీద మంచు తొయ్యడం, చలికాలం ముందు వెనక గోడకి చలి తగలకుండా చలికట్ట వేయడం, అది మళ్ళీ తీయడం, అన్నీ ఆయనే. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టేవాళ్ళు కారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. కొండమీద మంచు ఇంకా కరగకముందే, ఈస్టర్ ఉపవాసాల్లో, గుండెపోటుతో పోయాడు.

ఫాదర్‌గారి కుర్చీ సంగతి తెలిసి వడ్రంగి సోబెక్ వచ్చాడు. అన్నయ్యకి స్నేహితుడు. పలకలు లేపి లోపలికి దీపం పట్టి చూశాడు. అడుగు దుంగని వేలితో గిల్లితే రస్కులా పొడిపొడిగా రాలింది.

"బయటివైపు మంచు కరిగాక చూడాలి అక్కా," అన్నాడు. "కానీ ఒకటి మాత్రం ఖాయం. నీళ్ళే దీన్ని తిన్నాయి. ఎక్కడో నీళ్ళు పడుతున్నాయి."

అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీళ్ళు అన్నాడో లేదో వదిన తన చేతులు రెండూ చూసుకుంది.

"నీళ్ళంటే... కడిగిన నీళ్ళా సోబెక్?"

"అదీ అయ్యుండొచ్చు. కప్పు కారుతుండొచ్చు. నేలలోంచి రావొచ్చు. మంచు కరగనీ."

సరే, మగవాళ్ళు 'అయ్యుండొచ్చు' అని వెళ్ళిపోతారు. ఆడది ఆ ముక్క పట్టుకుని మూణ్ణెల్లు కూర్చుంటుంది. వదిన కప్పు మీదికి ఎక్కి చూసింది, ఎక్కడా కారడం లేదు. కట్టెపుల్లలు మూడు తీసి, ఒకదానికి సబ్బు నీళ్ళు, ఒకదానికి వట్టి నీళ్ళు, ఒకదానికి వేణ్ణీళ్ళు పోసి కిటికీలో పెట్టింది. రోజూ వాసన చూసేది. నేను అడిగితే, "ఏది ముందు కుళ్ళుతుందో చూస్తున్నా" అంది. ఏదీ కుళ్ళలేదు. అన్నీ ఎండి కటకటలాడాయి. దాంతో ఇంకా అయోమయంలో పడింది. "మరి ఇవి కుళ్ళలేదేం? అది కుళ్ళిందేం?" అని నన్నే నిలదీసేది, నేనేదో పుట్టగొడుగుల తల్లినైనట్టు.

పులి మీద పుట్రలా సాల్కా ఒకతి. మా ఊళ్ళో పెద్ద బద్ధకస్తురాలు. నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె ఇల్లు తాతల నాటి మసితో బొగ్గులా ఉంటుంది. ఈస్టర్ తరవాత కూతురి పెళ్ళి పెట్టుకుంది కనుక ఇల్లు కడగడానికి వదినని ముందే పిలిచింది. కుర్చీ సంగతి విన్నాక చర్చి మెట్ల మీద, అందరి ముందూ అందుకుంది.

"నా ఇల్లు చూడండే! పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క నీళ్ళు తగల్లేదు, ఇనుములా ఉంది. అందరూ బద్ధకం అన్నారు గానీ అది నా ముందుచూపు. లుద్వీనా, మా ఇంటికి రావద్దులేమ్మా. నువ్వు కడిగావంటే మా అల్లుడు గుమ్మంలోనే కూలబడతాడు."

నలుగురూ నవ్వారు. నవ్విన వాళ్ళలో ముగ్గురి ఇళ్ళు వదిన కడిగినవే. నవ్వాక ఎవరి మొహాలు వాళ్ళు చూసుకున్నారు, ఇంటికెళ్ళి నేల పలకలు లేపి చూసుకోవాలా అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ఇంటికి పురుగు కూడా రాదే సాల్కా, దానికీ శుభ్రం కావాలి" అని అరిచాను. వదిన మాత్రం వెనుదిరిగి మెట్లు దిగింది. ఇంటికి వచ్చి బ్రష్ కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టేసింది. క్యాబేజీ పులుసు ముందు పెట్టుకుని చెంచా తిప్పుతూ కూర్చుంది.

"రెగీనా, మా అమ్మ కడిగేది. మా అత్త, మీ అమ్మే కదా, ఆవిడా కడిగేది. తప్పయితే ఎవరో ఒకరు చెప్పేవారు కదా?"

"చెప్పేవారే."

"ఊళ్ళో సగం ఇళ్ళు నా చేత్తో కడిగాను. అంటే సగం ఊరిని కుళ్ళబెట్టానా?"

కాదని గట్టిగా చెప్పాలనుంది. కానీ నాకేం తెలుసు? కడిగిన ఇల్లు కుళ్ళింది, కడగని ఇల్లు గట్టిగా ఉంది, కళ్ళ ముందు కనబడుతోంది. "తిను, చల్లారిపోతోంది" అన్నాను.

ఆ ఈస్టర్‌కి మా వదిన గోడ కడగలేదు. ఊరంతా చూసింది. కొత్త చీపురుతో గుమ్మం ఊడ్చి, దీవెనకని బుట్టలో గుడ్లూ పొగబెట్టిన జున్నూ పెట్టుకుని, తల వంచుకుని చర్చికి వచ్చి, తల వంచుకునే వెళ్ళింది. అంత పొగరున్న మనిషి అలా నడుస్తుంటే నేను బుట్ట సర్దుకునే నెపంతో తల తిప్పుకున్నాను.

పండగ వెళ్ళాక మంచు కరిగింది. సోబెక్ సన్నటి ఇనప ములుకు ఒకటి పట్టుకుని వచ్చాడు. దాంతో దుంగని గుచ్చితే, మంచి చెక్కయితే మొన కూడా దిగదు, కుళ్ళిందయితే పిడి దాకా దిగుతుంది. ఎండపడే ముందు గోడ దగ్గర మొదలుపెట్టాడు. అడుగు దుంగ మీద రెండు చేతులతో నొక్కాడు. దిగలేదు.

"అక్కా, నువ్వు ఎక్కువ కడిగే గోడ ఏది?"

"ఇదే. దీన్నే రెండుసార్లు తోముతా."

"ములుకు వంగిపోయేలా ఉంది," అన్నాడు. వదిన తనూ బొటనవేలితో దుంగని నొక్కి చూసింది. నమ్మాలో వద్దో తెలియని మొహం.

పక్క గోడలు రెండూ గట్టిగానే ఉన్నాయి. వెనక్కి వెళ్ళాం. అక్కడ కొండ వాలు గోడదాకా దిగి ఉంది. గడ్డీ, ఫెర్న్ మొక్కలూ, ఎర్రటి అడవి పళ్ళ తీగలూ గోడని ఆనుకుని పెరిగాయి. వాటి పైన కనబడుతున్న దుంగల్ని సోబెక్ గుచ్చాడు. ఒక్కటీ మెత్తగా లేదు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"లోపల పిండి, బయట ఇనుము. ఇదేం ఇల్లు తల్లీ!"

లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చాడు. మళ్ళీ లోపలికి వెళ్ళాడు. దేన్నో పోగొట్టుకున్నట్టు నేలా గోడా చూస్తూ తిరిగాడు. చివరికి వదిన ముందు నిలబడ్డాడు.

"అక్కా, తెల్ల గది లోపల వెనక గోడకి దుంగలెన్ని?"

"ఆరు."

"బయటో?"

"నాలుగు."

"అదేంటి?"

"అంతే. లోపల ఆరు, బయట నాలుగు. ఎప్పుడూ అంతే."

నా ఓపిక అయిపోయింది. "ఎప్పుడూ అంతే ఏంటి వదినా! నేను పుట్టిన ఇల్లిది. లోపల ఆరైతే బయటా ఆరే. ఒక దుంగకి లోపలో మొహం బయటో మొహమూ ఉంటాయి గానీ, లోపల ఉండి బయట లేకుండా పోతుందా?"

"లోపలా బయటా కడిగేదాన్ని నేను. నాకు తెలీదా? ఏటా ఈస్టర్ ముందు నాలుగే కడుగుతా."

"నేను ఎండాకాలం ఈ గోడకే ఆనుకుని ఆడుకున్నా. ఆరు! కాస్త ముందుకొచ్చిన అడుగు దుంగ అంచున కూర్చుంటే నా కాళ్ళు నేలకి ఆనేవి."

"నాలుగు!"

"ఆరు! పోయిన రెండూ నా పెళ్ళిపెట్టెలో పెట్టుకుపోయానా?"

సోబెక్ మొదట నవ్వాడు. తరవాత నవ్వడం మానేశాడు. "ఆగండాగండి. రెగీనా, నువ్వు చూసింది ఎండాకాలంలో. అక్కా, నువ్వు కడిగేది ఈస్టర్ ముందు," అని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ నిజమే చెబుతున్నారు."

ములుకు తీసుకుని గోడని కాదు, గోడని ఆనుకున్న వాలుని గుచ్చాడు. పులిసిన పిండిలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. వంగి రెండు చేతులతో గడ్డి పెకలించాడు. కింద మట్టి లేదు. నల్లబడిన దేవదారు సూది ఆకులు, నాచు, ముద్దకట్టిన ఆకులు. వాటి మధ్యనుంచి ఒక గూటం బయటికి వచ్చింది. తలమీద రెండు గాట్లు పెట్టి ఉన్నాయి. తాడు జారకుండా గూటానికి రెండు గాట్లు పెట్టేది మా ఊళ్ళో ఒక్కడే.

"ఇది కొండ కాదు," అన్నాడు సోబెక్ మెల్లిగా. "ఇగ్నాట్స్ వేసిన చలికట్ట."

చలి గాలి గది లోపలికి రాకుండా ఉత్తరపు గోడకి బయట ఎండుటాకులూ సూదులూ నాచూ నడుమెత్తు పోసి, గూటాలతో బిగిస్తారు. మంచుకాలం అంతా ఇంటికి అదే దుప్పటి. కానీ కోయిల కూసిందంటే తీసేయాలి, ఆ రోజే తీసేయాలి. వదిన ఈస్టర్‌కి కడిగేటప్పుడు ఏటా అది గోడకే ఉండేది, అందుకే ఆమెకి నాలుగు. తరవాత కోయిల కూయగానే అన్నయ్య తీసేసేవాడు, అందుకే నాకు ఆరు. ఆయన పోయిన ఏడు కోయిల కూసింది గానీ తీసేవాడు లేడు. అది అక్కడే ఉండి, వాన తాగి, మంచు తాగి, గడ్డి మొలిచి కొండలో కలిసిపోయింది. లోపల రెండు దుంగలు ఆరే దారి లేక అన్నేళ్ళూ తడిలోనే పడి ఉన్నాయి. ఆ ఇంటి పక్కనే కాపరం ఉన్న నేనూ చూడలేదు, ఊళ్ళో ఇంకెవరూ చూడలేదు.

"అయితే కడగడం వల్ల కాదన్నమాట," అంది వదిన.

"కాదక్కా. తడిసిన చెక్క ఆరిపోతే ఏమీ కాదు. ఆరనివ్వకపోతేనే కుళ్ళుతుంది. నీ ముందు గోడ చూశావుగా."

"నా చేతులు కాదు."

"కాదు."

సంతోషిస్తుందనుకున్నాను. మూణ్ణెల్లుగా ఆ ఒక్క మాట కోసమే కదా కుమిలిపోయింది! ఆమె మాత్రం ఆ గూటాన్ని సోబెక్ చేతిలోంచి తీసుకుని, గాట్లలో ఇరుక్కున్న మట్టిని గోటితో గీకుతూ కూర్చుంది, తడి గడ్డిలోనే.

"మరి ఆయన చేతులా?"

"ఆయన వేసింది చలికి. అందులో తప్పేముంది? వేసింది తియ్యాలి, అంతే."

"అది ఆయన పని కదా," అంది. తరవాత నా వైపు తిరిగింది. "ఆ ఏడు కోయిల కూసింది రెగీనా. నేను విన్నాను. పార కూడా తీసుకుని వచ్చాను. ఇది కూడా తీసేస్తే ఆయన చేత్తో చేసింది ఇంకేం మిగులుతుందనిపించింది. రేపు తీద్దామనుకున్నా. ఆ తరవాత మర్చిపోయానో, మర్చిపోయినట్టు ఉన్నానో, ఒట్టు, నాకే తెలీదు. గడ్డి మొలిచింది. పళ్ళు కాశాయి. కోసుకుని తిన్నాను కూడా. కొండ అనుకునే తిన్నాను."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా అన్నయ్యని మట్టిలో పెట్టిన రోజున కూడా అంతగా ఏడవలేదు. సోబెక్ టోపీ నలుపుతూ పక్కకి తిరిగాడు. "నేను తీసేస్తానులే అక్కా" అని పార అందుకోబోయాడు. వదిన ఇవ్వలేదు. బ్రష్ ఎలా ఇవ్వదో పారా అలాగే ఇవ్వలేదు. తనే తవ్వింది. సాయంత్రానికి అయిదో దుంగ, ఆరో దుంగ బయటపడ్డాయి. నల్లగా, సగం తినేసినట్టు ఉన్నాయి.

సాల్కా కూడా వచ్చింది చూడ్డానికి. కుప్పపోసిన చలికట్ట వైపూ దుంగల వైపూ చూసింది. దాని మొహంలో రంగులు మారడం చూసి తీరాలి. కూతురి పెళ్ళి దగ్గరికొచ్చింది, గోడలు బొగ్గులా ఉన్నాయి, మగపెళ్ళివాళ్ళు అసలే నోటి దురుసు మనుషులు.

"లుద్వీనా, ఏదో ఆ రోజు నోరు జారాను. వచ్చి కడుగుతావా?"

నేనైతే ఆ నోరే కడిగి పంపేదాన్ని. వదిన పార ఆపి, "ముందు నీ ఇంటి వెనక చలికట్ట తీశావా?" అని అడిగింది. సాల్కా గుటకలు మింగింది. బద్ధకస్తురాలు కదా, కిందటేడుదే ఇంకా తియ్యలేదట. "ఈ రోజే తియ్యి. పై వారం వస్తా" అంది వదిన. సాల్కా ఆ రోజు పరిగెత్తినట్టు పరిగెత్తడం నేను మళ్ళీ చూడలేదు.

ఎండాకాలంలో సోబెక్ ఇంటికి జాకీలు పెట్టి వెనకవైపు ఎత్తాడు. ఇల్లంతా మూలిగింది. మేరీమాత పటం వంకరపోయింది. కుళ్ళినంత మేరా కోసి, నీటికి ఓర్చుకునే లార్చ్ దుంగలు, చలికాలంలో కొట్టి ఆరబెట్టినవి, ఒక్కొక్కటే తోశాడు. అడుగు దుంగ కింద రాళ్ళు పేర్చి గాలి ఆడేలా సందు వదిలాడు. వదిన కొత్త జడలు అల్లి సందుల్లో కూరింది. కుళ్ళిన ముక్కల్ని పొయ్యిలో పెడితే మండలేదు, పొగ మాత్రం వచ్చింది.

చలికాలం ముందు చలికట్ట కూడా తనే వేసింది. వంకరటింకరగా వేసింది. అన్నయ్య గూటాలే కడిగి, ఎండబెట్టి వాడింది. నేనేమీ అనలేదు. ఎప్పుడైనా నోరు మూసుకోవడం నాకూ తెలుసు.

మళ్ళీ ఈస్టర్ వచ్చింది. మూడు గోడలూ కడిగింది. వెనక గోడ ముట్టుకోలేదు. కొన్ని వారాల తరవాత ఒక పొద్దున నేను పెనం మీద బంగాళాదుంప రొట్టెలు కాలుస్తుంటే గుమ్మంలో నిలబడింది. మోచేతుల దాకా మట్టి. జుట్టులో దేవదారు సూదులు.

"కూసింది," అంది. "నువ్వు విన్నావా?"

"లేదు వదినా."

"కూసింది. ఒక్కసారి కూయగానే వెళ్ళిపోయా. రెండోసారి విందామని ఆగితే మళ్ళీ ఆగిపోతానని భయమేసింది. తీసేశాను. అంతా తీసేశాను."

ఊపిరి అందుకుంటూ తలుపు పట్టుకుంది. రెండో చేతిలో రెండు బ్రష్షులు ఉన్నాయి. ఒకటి పాతది. ఒకటి కొత్తది, ఇంకా నీళ్ళు కూడా తగల్లేదు. కొత్తది నా వైపు చాచింది.

"రా రెగీనా. ఆరు దుంగలు. నేనొక్కదాన్నే కడగలేను."

పెనం దింపేసి, చేతులు పైకి మడుచుకుని వెళ్ళాను.